జర్మనీ దయవల్ల ఒక సబ్బుబిళ్ళ

మనిషి ఒంటికి మందులకన్నా, మాత్రలకన్నా, పొద్దున్నే చేసే నడకకన్నా మేలు చేసేది ఫారం! అవును, నాలుగు పేజీలు, పద్దెనిమిది గడులు, కింద సంతకం, పక్కన ముద్ర ఉండే ఆ ఫారమే. నవ్వకండి. ఫారాలు నింపలేక చచ్చిపోతున్నామని దేశమంతా గోల పెడుతోంది గానీ, ఫారం వల్ల బాగుపడినవాళ్ళ గురించి ఎవరైనా ఒక్క ముక్క రాశారా?

నమ్మకం కుదరనివారు తమిళనాడులోని ధర్మపురి బస్టాండులో దిగి, పాపారపట్టి రోడ్డు మీద కాస్త దూరం పోయి, ఒకప్పుడు చింతపండు గోదాముగా ఉండిన రేకుల షెడ్డులో శశికళను అడగవచ్చు. ఆమె అంతా చెబుతుంది. కాకపోతే తీరిక దొరకదు. ఫారాలు నింపుతూ ఉంటుంది.

ఈ కథ మొదలయ్యేనాటికి శశికళ ఆ షెడ్డులో తొమ్మిదేళ్ళుగా సోల్డరింగ్ చేస్తోంది. సర్క్యూట్ బోర్డు మీద చిన్న చిన్న భాగాలు గుచ్చి, వేడి కడ్డీతో సోల్డర్ తీగను కరిగించి అతకడం పని. ఆమెతో కలిపి పద్నాలుగు మంది ఆడవాళ్ళు. యజమాని గోపాలప్ప. వరసకు శశికళకు మామ అవుతాడు. అక్కడ తయారైన బోర్డులు హోసూరులోని ఒక కంపెనీకి వెళతాయి. ఆ కంపెనీ వాటిని పిల్లల గదుల్లో రాత్రంతా వెలిగే బుల్లి దీపాల్లో బిగించి జర్మనీకి పంపుతుంది. అంటే ధర్మపురిలో కరెంటు పోయినప్పుడల్లా ఎక్కడో ఒక జర్మనీ బిడ్డ దీపం ఆలస్యమవుతుందన్నమాట! మనకెంత గౌరవం!

2007 ఎండాకాలంలో హోసూరు నుంచి ఒక లావుపాటి కవరు వచ్చింది. లోపల నలభై రెండు పేజీల ఇంగ్లీషు. గోపాలప్ప మొదటి పేజీ చూశాడు, చివరి పేజీ చూశాడు, కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమి పాపా ఇది? ఫ్యాక్టరీ మూసేయమని రాసినారా?"

శశికళ ప్లస్ టూ దాకా చదివింది. వేలు పెట్టి ఒక్కొక్క లైనూ చదివింది.

"మూసేది లేదు మామా. జర్మనీలో చట్టం చేసినారంట. కరెంటు సామాన్లలో ఆరు విషాలు ఉండకూడదంట. సీసం, పాదరసం, కాడ్మియం, హెక్సావలెంట్ క్రోమియం..."

"ఆగు ఆగు. ఆ నాలుగోది ఇంకొక తూరి చెప్పు."

"హెక్సావలెంట్ క్రోమియం."

గోపాలప్ప ముఖం వెలిగిపోయింది. ఆ మాటను తడబడకుండా పలికే మనిషి షెడ్డు మొత్తంలో ఒక్కతే ఉంది. ఆ నిమిషమే ఆమెను కంప్లయన్స్ ఆఫీసర్‌గా, అంటే చట్టం కాగితాలు చూసుకునే అధికారిగా నియమించాడు. పెద్ద పెద్ద కంపెనీల్లో ఇంటర్వ్యూలు, పరీక్షలు పెట్టి చేసే పనిని గోపాలప్ప ఒక్క మాటతో తేల్చేశాడు.

ఇక మొదలైంది చూడండి ఫారాల మహిమ! బోర్డులో పడే ప్రతి వస్తువుకూ, బోర్డుకు తగిలే ప్రతి వస్తువుకూ ఒక ఫారం. ఈ భాగం పేరేమిటి, ఎవరు సరఫరా చేశారు, ఆరు విషాల్లో ఏది ఉంది, ఏది లేదు, ఉంటే ఎంత? వైరుకు ఒకటి, డయోడ్‌కు ఒకటి, అంటించే టేపుకు ఒకటి, కట్టకట్టే రబ్బరు బ్యాండుకు ఒకటి. సరఫరాదారులందరి దగ్గర నుంచీ లిఖితపూర్వకంగా హామీ తేవాలి. సేలంలో అట్టపెట్టెలు చేసే ఎల్లప్పన్‌కు శశికళ ఫోన్ చేసి, మీ పెట్టెలో విషపదార్థాలేవీ లేవని ఒక లెటర్ కావాలని అడిగింది. ఎల్లప్పన్ చాలా నొచ్చుకున్నాడు. మూడోనాడు లెటర్‌హెడ్ మీద టైపు చేయించి పంపాడు: మా పెట్టెలు నూటికి నూరు పాళ్ళు శాకాహారం!

శశికళ దాన్ని కూడా ఫైల్లో పెట్టింది. కాగితం అంటూ వచ్చాక పారేస్తామా?

తమిళుల ఆడి నెలలో, అంటే జూలై చివర్లో, హోసూరు కంపెనీ ఆడిటర్ వచ్చింది. పేరు శివరంజని. ముప్పై ఏళ్ళుంటాయేమో. చేతిలో క్లిప్‌బోర్డు, భుజానికి సొంత నీళ్ళ సీసా. తలుపు దగ్గర నుంచే రాసుకోవడం మొదలుపెట్టింది. తమిళంలో అడిగింది, ఇంగ్లీషులో రాసింది, ఒక్కసారీ నవ్వలేదు. షెడ్డులోని ఆడవాళ్ళు ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో ధైర్యంగా వ్యాఖ్యానాలు చేసుకున్నారు.

"ఈ పాప సంగటి తింటాదా, ఫారాలు తింటాదా?" అంది మాదమ్మాళ్.

మాదమ్మాళ్ అందరికన్నా పెద్దది. పాపారపట్టి నుంచి రోజూ బస్సులో వస్తుంది. పదకొండేళ్ళ అనుభవం. ఆమె పెట్టిన అతుకు అద్దంలా మెరుస్తుంది. కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పేటప్పుడు గోపాలప్ప ఆమె బోర్డునే చూపించేవాడు.

శివరంజని అందరినీ కూర్చోబెట్టి వివరించింది. మీరు వాడే సోల్డర్ తీగలో తగరంతోపాటు ఈయం, అంటే సీసం ఉంది. ఇకమీదట ఈయం లేని తీగే వాడాలి.

మాదమ్మాళ్‌కు అర్థం కాలేదు. ఆమె ఇంట్లో రసం కాచేదే ఈయం చెంబులో. అది లేకుంటే రసానికి రుచి ఎక్కడిది? ఆ చెంబు తగరమనీ, ఈ తీగలోది సీసమనీ, వాడుకలో రెండింటికీ ఒకే పేరు పడిందనీ శివరంజని ఓపికగా చెప్పింది. మాదమ్మాళ్ తలూపింది. మర్నాటి నుంచి మాత్రం చెంబును అటక మీద పెట్టి రసం అల్యూమినియం గిన్నెలో కాచింది. పాపం, విషం లేని చెంబు అటకెక్కింది. విషం ఉన్న తీగ మాత్రం ఆమె చేతిలోనే ఉండిపోయింది. అదెలాగో చెబుతాను, కంగారుపడకండి.

శివరంజని చెప్పిన ఏర్పాట్లు ఇవి. షెడ్డు ముందు భాగంలో కిటికీ పక్కన కొత్త బల్ల వేయాలి. దానిమీద పచ్చగుడ్డ పరచాలి. ఈయం లేని పని అక్కడే జరగాలి. పొగ లాగేయడానికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టాలి. పక్కనే కుళాయి, సబ్బు, తువ్వాలు ఉండాలి. బల్ల దగ్గర కూర్చునే ముందు ప్రతి ఒక్కరూ చేతులు కడుక్కోవాలి.

ఆడవాళ్ళ కళ్ళు చెమర్చాయి. తొమ్మిదేళ్ళు, పదకొండేళ్ళు ఆ పొగలో దగ్గిన మనుషులు! ఇన్నాళ్ళకు ఎవరో ఒకరికి తమ మీద దయ కలిగింది!

"ఎందుకమ్మా సబ్బు?" అని మాదమ్మాళ్ తమిళంలో అడిగింది.

"మీ చేతుల్లో ఈయం ఉంటుంది. అది బోర్డుకు అంటుకుంటే సరుకు వెనక్కి వస్తుంది."

"మా చేతికి ఎట్లా వచ్చింది ఈయం?"

శివరంజని క్లిప్‌బోర్డు చూసుకుంది. ఆ ప్రశ్నకు గడి లేదు. "అది నా ఆడిట్‌లో రాదు" అంది మెల్లగా.

చూశారా ఫారం గొప్పతనం? సబ్బు బోర్డు కోసం, ఫ్యాన్ బోర్డు కోసం, తువ్వాలు బోర్డు కోసం. మనుషుల నుంచి వస్తువుల్ని కాపాడే చట్టం ఎంత దూరదృష్టితో రాశారో! మాదమ్మాళ్ పళ్ళమీద చిన్నప్పటి నుంచి ఊరి నీళ్ళలోని ఫ్లోరైడ్ పెట్టిన గోధుమరంగు చారలున్నాయి. అదృష్టవశాత్తూ ఆ ఆరు విషాల్లో ఫ్లోరైడ్ లేదు. ఉండి ఉంటే నవ్వడానికి కూడా ఫారం నింపాల్సి వచ్చేది.

మరి పాత సీసం తీగ ఏమైంది? పారేస్తారా? గోపాలప్ప ఊళ్ళో అమ్మే ఎమర్జెన్సీ ల్యాంపులకు కూడా బోర్డులు చేయిస్తాడు. మన దేశంలో అప్పటికి అట్లాంటి నిషేధమేదీ లేదు. అందుచేత పాత బల్లనూ, పాత తీగనూ, పాత చేతులనూ కలిపి వెనక గదిలోకి పంపించాడు. కిటికీ లేని గది. చింతపండు మూటలు పేర్చిన చోటు. మాదమ్మాళ్‌తో సహా నలుగురు అక్కడికి పోయారు. వాళ్ళకు ముందు బల్ల దగ్గరికి రాకూడదని కట్టడి.

"నా చేతులు మంచివి కావంట మే" అని మాదమ్మాళ్ శశికళతో నవ్వుతూనే చెప్పింది. మధ్యాహ్నం ఆ చేతులతోనే సంగటి ముద్ద తుంచుకుని తింది. శశికళ చూసింది. చూసి, ఫారం నంబరు యాభై ఎనిమిది నింపడానికి వెళ్ళిపోయింది. బల్ల మీద పరిచిన పచ్చగుడ్డకు ఫారం అది.

కొత్త తీగతో నానా యాతన. అది త్వరగా కరగదు. కడ్డీ వేడి పెంచితే కొనలు మాడిపోతాయి. అతుకు మెరవదు, బూడిద పూసినట్టు ఉంటుంది. తొమ్మిదేళ్ళు 'మెరిస్తేనే మంచి అతుకు' అని నేర్చుకున్న శశికళ కన్ను ఇప్పుడు 'మెరిస్తే దొంగ' అని మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చింది. నిగనిగలాడేదాన్ని అనుమానించాలి, పాలిపోయినదాన్ని మెచ్చుకోవాలి. జీవితానికి పనికొచ్చే పాఠం కాదా ఇది?

పురటాసిలో, అంటే సెప్టెంబరు చివర్లో, మొదటి సరుకు హోసూరుకు పోవాల్సిన రోజు వచ్చింది. వ్యాను వాకిట్లో నిలబడి ఉంది. శశికళ చివరి ట్రేలు చూస్తోంది. ఒక ట్రేలో అతుకులు అద్దాల్లా మెరిశాయి. ఇంకో ట్రే తీసింది. అదీ అంతే. మొత్తం మూడువందల నలభై బోర్డులు.

ఎవరి చేతి పనో అడగక్కర లేదు. ధర్మపురి జిల్లాలో అంత అందంగా అతికే చెయ్యి ఒక్కటే ఉంది. ముందురోజు ముందు బల్ల దగ్గర ఇద్దరు పనికి రాలేదు. గోపాలప్పే మాదమ్మాళ్‌ను పిలిచి కూర్చోబెట్టాడు. కొత్త తీగ మాట వినకపోయేసరికి ఆమె వెనక గదిలోని తన తీగచుట్టను తెచ్చుకుంది. పని బాగా రావాలనే కదా ఆమె ఆశ!

"ఈయం లేదని సంతకం పెట్టు పాపా, వ్యాను కాచుకోని ఉండాది" అన్నాడు గోపాలప్ప.

"పెట్టలేను మామా. మూన్నూట నలభై బోర్డుల్లో ఈయం ఉండాది."

"ఎవురికి తెలుస్తాది? జర్మనీవాడు భూతద్దం పెట్టుకోని చూస్తాడా?"

"మిషన్ పెట్టి చూస్తాడంట. చూడకపోయినా పెట్టను. 'నాకు తెలిసినంత వరకు లేదు' అని కింద రాసుండాది. నాకు తెలుసు కద?"

గోపాలప్ప అరిచాడు. వరస గుర్తుచేశాడు. ఈ ఆర్డరు పోతే పద్నాలుగు మందికి పని పోతుందన్నాడు. రేపటి నుంచి ఇంట్లోనే ఉండమన్నాడు. శశికళ పెన్ను చేతిలోకి తీసుకోలేదు. ఆమె కళ్ళముందు ఐదేళ్ళ కూతురు నందిత మెదిలింది. నందితకు చేతికి దొరికిన ప్రతిదీ నోట్లో పెట్టుకునే అలవాటు ఇంకా పోలేదు. జర్మనీలోనూ అట్లాంటి పిల్ల ఒకతి ఉండదా?

చివరకు మూడువందల నలభై తగ్గించి, మిగతా సరుకుకు ఆమె సంతకం పెట్టింది. వ్యాను వెళ్ళిపోయింది. అరగంటలో గోపాలప్ప కోపం కూడా వెళ్ళిపోయింది. ఎందుకంటే ఆయనకు ఉపాయం తట్టింది.

"ఆ బోర్డులు పారేయొద్దు పాపా. రెండు వైర్లు మార్చి మన ఎమర్జెన్సీ ల్యాంపుల్లో పెట్టిచ్చేస్తాము. మనోళ్ళకి ఏ చట్టమూ లేదు కద!"

 శశికళ ఇంట్లో కరెంటు పోతే నందిత ఎత్తుకుని తిరిగేది ఆ ల్యాంపునే.

ఆ మధ్యాహ్నం ఆమె వెనక గదికి వెళ్ళింది. మాదమ్మాళ్ తలెత్తలేదు.

"నా వల్ల ఇంత గొడవయింది శశీ. పని చెడగొట్టినాను."

"నువ్వు చెడగొట్టలేదత్తా. బాగా చేసినావు. అదే తంటా అయింది."

బయటికొచ్చి శశికళ గోపాలప్పను అడిగింది. "వెనక గదికి గూడా ఒక ఫ్యాను, ఒక కొళాయి పెట్టిద్దాము మామా. వాళ్ళు ఆ చేతులతోనే తింటా ఉండారు."

గోపాలప్ప చెడ్డవాడు కాడు. నిజంగానే ఆలోచించాడు. "పెట్టచ్చు. అయితే దానికి ఫారం యాడుండాది పాపా? హోసూరువాళ్ళు అడిగితే రేపే పెడతాను. అడగందానికి ఎట్లా పెట్టేది?"

ఎంత న్యాయమైన మాట! శశికళ తన బల్ల దగ్గరికి వచ్చింది. ఖాళీ ఫారం ఒకటి తీసింది. వరస నంబరు వేసింది: అరవై ఒకటి. రిజిస్టర్లో ఎక్కించింది. తర్వాత ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో నింపసాగింది.

భాగం పేరు: మాదమ్మాళ్. సరఫరా: పాపారపట్టి. ఎంతకాలంగా వాడుకలో ఉంది: పదకొండేళ్ళు. పాదరసం: లేదు. కాడ్మియం: లేదు. హెక్సావలెంట్ క్రోమియం: లేదు. సీసం: ఉంది. ఎక్కడ: రెండు చేతులు, గోళ్ళ కింద. ఎంత: ఎవరూ కొలవలేదు.

మాదమ్మాళ్‌కు తీసుకెళ్ళి చూపించింది, నీకు ఇష్టమేనా అని. మాదమ్మాళ్ తన పేరు మీద వేలు పెట్టి అటూ ఇటూ నడిపింది. "ఇంగ్లీషులో ఇంత పొడుగా నేను?" అని మురిసింది. ఇష్టమే అంది.

అరవై ఒకటో కాగితం ఫైల్లో అరవైకీ అరవై రెండుకీ మధ్య కూర్చుంది.

రెండో ఆడిట్ కార్తీక మాసంలో జరిగింది. శివరంజని ఒక్కో కాగితం తిప్పుతోంది. ఎల్లప్పన్ శాకాహార పెట్టె దగ్గర కూడా నవ్వలేదు. అరవై ఒకటి దగ్గర ఆగింది.  గోపాలప్ప ఆమె భుజం మీదుగా తొంగి చూశాడు. చదివాడు. ఆయన ముఖంలో రంగు కొత్త సోల్డర్ రంగుకు తిరిగింది.

శశికళ వైపు వంగి తెలుగులో గుసగుసలాడాడు. "చింపెయ్ పాపా! ఆయమ్మ నీళ్ళు తాగేటప్పుడు చింపెయ్!"

శివరంజని కాగితం మీద నుంచి తలెత్తకుండానే అంది. "చింపకూడదు సార్. నంబరు ఏసినారు కద. ఒక నంబరు తగ్గితే ఫైలంతా తప్పయిపోతాది."

తెలుగు! షెడ్డులో కడ్డీలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

"మాదీ ఇంట్లో తెలుగే" అంది శివరంజని. "పోయిన తూరి సంగటి గురించి అడిగినారు. తింటాను."

మాదమ్మాళ్ వెనక గదిలోకి దూరిపోయింది.

శివరంజని గొంతు సర్దుకుని మళ్ళీ ఆడిటర్ అయింది. "ఈ భాగం ముందు బల్ల దగ్గరికి ఎప్పుడైనా వచ్చిందా సార్?"

గోపాలప్ప అబద్ధం చెప్పాలని చూశాడు గానీ మూడువందల నలభై బోర్డులను పక్కన పెట్టినరోజు శశికళ రాసి ఫైల్లో పెట్టిన తిరస్కరణ కాగితం ఎదురుగానే ఉంది. "ఒక దినం వచ్చింది" అన్నాడు నీరసంగా.

"అయితే నా ఆడిట్‌లోకి వస్తాది. సీసం ఉందని రాసిన ప్రతి భాగానికీ దిద్దుబాటు చర్య చూపించాల. ముప్పై దినాలు టైము."

ఆ మాటలంటున్నప్పుడు ఆమె శశికళ వైపు ఒక్క క్షణం చూసింది. ఆ చూపులో ఏముందో ఏ గడిలోనూ రాయలేదు.

ముప్పై దినాలు అక్కర లేకపోయింది. పన్నెండు రోజుల్లో వెనక గది గోడకు కిటికీ పడింది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరిగింది. కుళాయి వచ్చింది, సబ్బు వచ్చింది, తినడానికి వేరే చోట బల్ల వచ్చింది. మాదమ్మాళ్ మొదటిరోజు నాలుగుసార్లు చేతులు కడుక్కుంది. మిగతా ముగ్గురూ ఊరుకుంటారా? మమ్మల్ని కూడా విడిభాగాలుగా రాయమని శశికళ వెంటపడ్డారు. వారం తిరిగేసరికి షెడ్డులో మనుషులెవరూ మిగల్లేదు, అందరూ విడిభాగాలే!

ఇప్పుడు చెప్పండి, ఫారం వరమా కాదా?

పనులు చూడ్డానికి వచ్చిన శివరంజని, టీ తాగుతూ గోపాలప్పకు ఒక చిన్న సంగతి చెప్పింది. ఇట్లా పనిచేసే చోట గాలి ఉండాలనీ, చేతులు కడుక్కునే వసతి ఉండాలనీ మన దేశంలోనే ఒక ఫ్యాక్టరీ చట్టం ఉంది. దాదాపు అరవై ఏళ్ళ నాటిది. గోపాలప్ప ఆశ్చర్యపోయాడు. నిజంగానే ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఎవరూ వచ్చి అడగలేదు. ఆ చట్టానికి ఉన్న లోపం ఒక్కటే. జర్మనీ నుంచి రాలేదు.

"అన్నీ సరిగానే ఉండాయి" అని శివరంజని అరవై ఒకటో ఫారం తిప్పింది. "ఈ చివరి గడి ఖాళీగా ఉండాది. ఖాళీ వదలకూడదు."

శశికళ వంగి చదివింది. వాడకం ముగిశాక ఈ భాగాన్ని ఏం చేయాలి?

మిగతా ఫారాలన్నిటిలోనూ ఆ గడి తేలికే. వైరును కరిగించాలి, అట్టను పాత కాగితాలవాడికి ఇవ్వాలి. దీనికేం రాయాలి? గోపాలప్ప కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. శశికళ పెన్ను పట్టుకుని కుళాయి దగ్గరికి పోయింది.

"అత్తా, నీతో పనైపోయినాక నిన్నేమి చేసేదని అడుగుతా ఉండారు."

మాదమ్మాళ్ గోళ్ళ కింద సబ్బు రుద్దుకుంటూ కాస్త ఆలోచించింది.

"పింఛను ఇయ్యాల అని రాయి."

శశికళ రాసింది. సిరాతో, పెద్ద అక్షరాలతో. శివరంజని పక్కన ముద్ర వేసింది. గోపాలప్ప నోరు తెరిచేలోపే ఫైలు హోసూరు వ్యాను ఎక్కింది.

జర్మనీ నుంచి ఇంతవరకూ అభ్యంతరమేదీ రాలేదు.